ఇంటికొక కొలత, వీధికొక కట్టుబాటు



ఇండ్లు కట్టుకొనునప్పుడును, చెట్లు నాటుకొనునప్పుడును ఒక వీధివారు కలిసి పాటింపదగిన నియమములను గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిని. తన సొమ్ముతో, తన స్థలములో ఇల్లు కట్టుకొనువానికి ఇతరులు నియమములు చెప్పుట యేమియని కొంద రడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయినను ఒక్క సంగతి గమనింపుడు. ఇంటి పునాది మాత్రమే ఇంటివాని స్థలములో నుండును. దాని నీడ ప్రక్కయింటిపై పడును. దాని చూరునీరు వీధిలో పారును. దాని పెరటిచెట్టు వేరు పొరుగువాని గోడ క్రిందుగా ప్రాకును. తన హద్దు దాటి పోవు వీటి విషయమున పొరుగువానికి మాట యుండుట న్యాయమే గదా!

మా నరసన్నపేట చుట్టుపట్ల పల్లెలలోను, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పాత గ్రామములలోను వీధుల తీరు మీ రెరిగినదే. ఇండ్లు విడివిడిగా నుండక, గోడకు గోడ చేర్చి, ఒకే వరుసగా నిలిచియుండును. వెడల్పు కొంచెము, లోతు మిక్కిలి. ముందు అరుగు, దాని వెనుక వసారా, నడుమ ఇల్లు, ఆపైన వంటయిల్లు, చివర పెరడు. వీధితలుపును పెరటితలుపును ఎదురెదురుగా నుండుటచే గాలి ఇంటి పొడవున సాగిపోవును. అరుగులన్నియు ఇంచుమించు ఒకే మట్టమున, చూరులన్నియు ఒకే వరుసన నుండును. మండువేసవిలోనైనను ఈ చివరనుండి ఆ చివరకు నీడపట్టునే నడచిపోవచ్చును. సముద్రపుటొడ్డు పల్లెలలో చుట్టిండ్లు కట్టిరి. గుండ్రని మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు కప్పు గల ఆ యింటిని పెనుగాలి ఎదురుగా గ్రుద్దజాలక చుట్టి పోవును. చదువురాని మేస్త్రీలు సైతము ఈ కొలతలను చేతివాటముగా నెరిగియుండిరి.

ఆ వరుసలకు దోషములు లేవని నేననను. తాటాకు కప్పుల కాలమున ఒక యింట నిప్పంటుకొన్నచో వరుస యంతయు దగ్ధమయ్యెడిది. నడిమి గదులకు వెలుతురు చాలదు. పెంకులు నేయించుటకు ఏటేట వ్యయము. కావున సిమెంటు మేడ కట్టుకొనగోరువానిని తప్పు పట్టరాదు. కట్టు విధమునందే చిక్కు వచ్చుచున్నది. పది యిండ్ల వరుసలో ఒకరు పాత యిల్లు విప్పుదురు. ఉమ్మడిగోడ సగము పోవును. ఇన్నాళ్ళు ఇంటి లోపల నుండిన మట్టిగోడ వానకు బయటపడి ప్రక్కవారికి నానుడుగోడ యగును. క్రొత్త యిల్లు మూడడుగులు ఎత్తుగా లేచును. దానికి మెట్లు కావలెను గనుక అవి వీధిలోనికి దిగును. అరుగుల వరుస అక్కడితో తెగిపోవును. ఈలోపల పాత బాటను త్రవ్వి తీయకయే దానిపై క్రొత్త బాట వేయుదురు. వీధి ఒక జానెడు లేచును. రెండవవాడు దానిని చూచి నాలుగడుగులు లేపును. ఇట్లు పోటీపడి అందరును లేచిన పిమ్మట, లేపుకొనుటకు స్తోమతు లేని యొక వృద్ధురాలి పెంకుటిల్లు గుంటలో మిగిలిపోవును. వాన కురిసిన రాత్రి వీధినీరంతయు ఆమె గడప దాటి లోనికి వచ్చును. ఆమె పొరుగువారిలో ఎవడును దుర్మార్గుడు గాడు. ప్రతివాడును తన యింటికి మేలే కోరెను. వీధి మేలు కోరుట మాత్రము ఎవరి పనియు గాకపోయెను.

ఈ విషయమున మన ప్రాచీనులేమి చెప్పిరో చూతము. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయము, వృక్షాయుర్వేదమునకు మరియొక అధ్యాయము కేటాయించినాడు. వాకిటి కెదురుగా బాటగాని, చెట్టుగాని, మూలగాని, నుయ్యిగాని, స్తంభముగాని యుండుట దోషమని అందు గలదు. ఇంతవరకు మన వాస్తుపండితులు తరచుగా చెప్పుదురు. దాని వెనువెంటనే వరాహమిహిరుడు చెప్పిన మినహాయింపును మాత్రము ఏలనో చెప్పరు. ఇంటి యెత్తునకు రెండింతల నేల నడుమ విడిచినచో ఆ దోషము లేదని ఆయనయే వ్రాసినాడు. అనగా పండ్రెండడుగుల యిల్లైనచో 24 అడుగులు, ఇరువదడుగుల మేడయైనచో 40 అడుగులు. దీనిని బట్టి చూడగా దోషమునకు మూలము ఇరుకు అని తేటపడుచున్నది గదా! ఇల్లెంత యెత్తున లేచునో ఎదుట అంత బయలు పెరుగవలెను. ఆంధ్రప్రదేశమున 2017లో వెలువడిన భవన నియమావళియు కట్టడపు ఎత్తును ముందున్న బాట వెడల్పుతో ముడిపెట్టినది. పదునాలుగు వందల యేండ్ల యెడము గల యీ రెండు శాసనములును ఒక్క మాటయే చెప్పుచున్నవి.

చెట్ల విషయమును అట్టిదే. ముండ్లచెట్లు, పాలుగారు చెట్లు ఇంటికి దాపున నుండరాదని ఆయన మతము. మర్రి, రావి, మేడి, జువ్వి మొదలగు పాలచెట్ల వేళ్ళు గోడలను చీల్చుట మన మెరిగినదే. వాటిని నరుకనొల్లనివారు నడుమ పున్నాగ, అశోక, పొగడ, పనస, జమ్మి మొదలగు వానిని నాటుకొనవచ్చునని ఉపాయము గూడ చెప్పినాడు. చెట్టునకును చెట్టునకును 20 హస్తముల యెడము ఉత్తమము, 16 మధ్యమము, 12 కనిష్ఠము. హస్తమునకు ఒకటిన్నర అడుగు చొప్పున లెక్కించినచో అవి 30, 24, 18 అడుగులగును.

ఈ లెక్కను నేటి స్థలములకు పట్టించి చూడుడు. 2020 డిసెంబరు 25వ తేదీన రాష్ట్రప్రభుత్వము ప్రారంభించిన పేదల యిండ్ల పథకమున పల్లెలలో కుటుంబమునకు ఒకటిన్నర సెంటు చొప్పున స్థలమిచ్చిరి. ఇంటి నమూనా 340 చదరపుటడుగులు. ఒకటిన్నర సెంటనగా సుమారు 653 చదరపుటడుగులు. వీధివైపు 20 అడుగుల వెడల్పున్నచో లోతు 33 అడుగులకు లోపే. అట్టిచోట ఒకడు కుడిమూలను మామిడిని, వాని పొరుగువాడు ఎడమమూలను పనసను నాటినచో, రెండు చెట్లకును నడుమ ఐదడుగులైనను ఉండదు. ఆ రెండును పెనుగులాడి, రెంటికిని కాపు చెడి, తుదకు రెండిండ్ల గోడలును బీటలువారును. అందరును ఒకే ప్రక్కను నాటుకొన్నచో కనిష్ఠమైన 18 అడుగులు దక్కును. పెద్దచెట్లను వీధి చివరి ఉమ్మడి బయలునందు నాటి, ఇండ్లయొద్ద కరివేప, మందార, తులసి, పాదుమొక్కలు మాత్రము పెంచుకొన్నచో ఉత్తమమైన 30 అడుగుల యెడమును దక్కును. ఈ పని ఒక్కడు చేయజాలడు. పదిమంది కూర్చుండి ఎక్కడ నాటవలెనో ముందుగా నిర్ణయించుకొనవలెను. 2017 నాటి లేఔటు నియమములును మొత్తము స్థలములో పదవవంతునకు తక్కువ గాకుండ బయలు విడువవలెనని శాసించుచున్నవి. ఆ బయలు స్థానికసంస్థకు చెందును. దానిని కాపాడుట మాత్రము కన్నులెదుట నున్న మనకే చెల్లును.

ఇక నీటిమాట. 340 చదరపుటడుగుల కప్పుపై ఒక్క అంగుళము వాన కురిసినచో దిగు నీరు సుమారు 800 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెలతో కొలిచినచో ఏబదికి పైబడును. ఇరువది యిండ్ల వీధిలో వేయి బిందెలు! ఈ వేయి బిందెల నీరు ఇంకుటకు నేల చూపింపక, ముంగిలి యంతయు సిమెంటు చేసి, గొట్టమును వీధిలోనికి త్రిప్పుటచేతనే పల్లమున నున్నవారి యిండ్లు మునుగుచున్నవి. ఆ వీధిలోని నూతులే మరల వేసవిలో ఎండిపోవుచున్నవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వాననీటిని ఇంకించు ఏర్పాటు కట్టడములకు ఉండవలెనని చెప్పుచున్నది. ఇంటికొక ఇంకుడుగుంత త్రవ్వుకొనుడు. ముంగిట కొంతమేరయైనను మట్టినేల విడువుడు.

గాలిని గూర్చి మనకు వేరుగ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమును తాకినవి. తిత్లీ ఉద్దానమున కొబ్బరితోటలను, జీడిమామిడితోటలను నేలగూల్చుట చూచినవారు మీలో అనేకులు గలరు. పెనుగాలిలో సరిగా బిగింపని ఒక్క రేకు లేచినచో అది పొరుగువారి తలపై కత్తియగును. పొడవైన చెట్టు ఇంటిపై వాలుటకు హద్దురాయి చూచుకొనదు. కావున రేకులు బిగించుట, కప్పుపైకి వ్రాలిన కొమ్మలను వానకాలమునకు ముందే కోయుట వీధివారందరి పనిగా నెంచదగును.

ఇట్టి కట్టుబాట్లకు చట్టము తోడుపడునా యని మీరడుగవచ్చును. పంచాయతి అనుమతులు, నియమావళులు ఉండనే యున్నవి. అవి గాక, 1882 నాటి ఈజ్‌మెంటు చట్టమొకటి గలదు. ఇరువది యేండ్లు నిరాటంకముగా, హక్కుగా అనుభవించిన గాలివెలుతురులకు ఆ చట్టము రక్షణ నిచ్చుచున్నది. అంతేగాక స్థానికాచారము వలనగూడ హక్కు కలుగునని చెప్పుచు, పొరుగువారి మరుగునకు భంగము కలుగునట్లు క్రొత్త కిటికీ తెరువరాదను ఊరి యాచారమునే ఉదాహరణముగా చూపినది. ఊరి మంచియాచారమును చట్టము చిన్నచూపు చూడలేదని దీనివలన తెలియుచున్నది.

ఇంతవరకు నియమముల మేలు చెప్పితిని. వాటి కీడును చెప్పకున్నచో నా మాట సగమే సత్యమగును. ఏ వరాహమిహిరుని ఇంతగా మెచ్చుకొంటినో ఆయనయే ఇండ్ల వెడల్పును కులమును బట్టి నిర్ణయించినాడు. అగ్రవర్ణమునకు 32 హస్తములతో మొదలిడి, నాలుగేసి తగ్గించుచు, అట్టడుగున 16కు దించినాడు. మన పల్లెలలో కొందరి పేటలను ఊరికి వెలుపల, పల్లమున నుంచుటయు ఒకప్పటి కట్టుబాటే. ఇది మన దేశమునకే పరిమితమైన పాపము గాదు. అమెరికాలో న్యూయార్కు చేరువను 1947లో లెవిట్‌టౌన్ అను ఇండ్ల సముదాయము కట్టిరి. కంచెలు వేయరాదు, ముంగిటి పచ్చికను వారము వారము కోయవలెను అను ముచ్చటైన నియమములతోపాటు, తెల్లవారు గానివారు అచట కాపురముండరాదను నియమమును వ్రాసికొనిరి. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుజరుపరాదని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1948లో తీర్పు చెప్పినది. నేడు పట్టణములలో ప్రహరీల నడుమ వెలయుచున్న ఇండ్ల సముదాయములందును గోడరంగు మొదలు తోట వరకు నియమములున్నవి. అందము కోరుట మంచిదే. కాని ఆ యందము పేరిట ఒకనిని బయట నిలువబెట్టు నియమము వచ్చినప్పుడు మనము మేలుకొనవలెను.

మరి మంచి నియమమును గుర్తించుటెట్లు? నాకు తోచిన పరీక్ష యొక్కటి. ఆ నియమమువలన వీధిలో అందరికంటె బలహీనుని యింటికి గాలి, వెలుతురు, పొడినేల, నడచుదారి దక్కునా? దక్కినచో అది ధర్మము. అతనికవి తగ్గినచో, ఎంత ప్రాచీనమైనను, ఎంత సొగసైనను, దానిని విడువవలెను.

కావున పెద్దలారా! మీ మీ వీధులలో ఒక సాయంకాలము కూర్చుండుడు. స్త్రీలను తప్పక పిలువుడు. నీరు మోసికొనువారును, ముంగిలి ఊడ్చువారును వారే గదా. పల్లమున నున్న యింటివారిని ముందు మాటాడనిండు. మేస్త్రీలు వాడు నీళ్ళగొట్టముతో వీధిమట్టము చూపించి, అరుగులకు ఒక యెత్తు నిర్ణయించి, రాతిపై గీత గీయింపుడు. మెట్లు తమ స్థలములోనే దింపుకొనవలెననియు, ఇల్లు విప్పువాడు ప్రక్కవారి గోడకు వాన తగులకుండ ముందుగా పూత పూయింపవలెననియు, కప్పునీరు తన నేలలోనే ఇంకింపవలెననియు, చెట్లన్నియు నిర్ణయించిన ప్రక్కనే నాటవలెననియు, బాట మరల వేయునప్పుడు పాతదానిని త్రవ్వి వేయుమని పంచాయతిని అందరు నొక్కటై కోరవలెననియు ఒక కాగితముపై వ్రాసికొనుడు. కులము మాట, తాహతు మాట అందు చేరనీయకుడు. అందరిచేతను వ్రాలు చేయించి, ఒక ప్రతిని పంచాయతిలో నుంచుడు. ఎవ్వరైనను క్రొత్త యిల్లు మొదలుపెట్టక పూర్వమే ఆ కాగితము వ్రాసియుండవలెను. పునాది లేచిన పిమ్మట చెప్పిన నియమము నియమమనిపించుకొనదు, తగవనిపించుకొనును.

ఈ యేటి వానలు వచ్చులోపల ఒక్క వీధియైనను ఇట్లు చేసినచో, ఆ వీధిలోని గుంటయింటి వృద్ధురాలు వానరాత్రి నిశ్చింతగ నిద్రించును. నా ప్రసంగమునకు అంతకు మించిన ఫలము నేను కోరను. సెలవు.