బీరువా తాళము తీయుడు
(ఏలూరులో పఠనమందిర సభ్యుల యెదుట గావించిన ఉపన్యాసము)



రోబోటులతో పాఠశాలలందు శాస్త్రమును, గణితమును బోధించుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరితిరి. ఆ పేరుతోనే మొదలిడుదము. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకము వలన ఈ పదము లోకమున వ్యాపించెను. ఆ భాషలో 'రొబొత' యనగా వెట్టిచాకిరి. వెట్టి యననేమో తెలుగువానికి వేరుగ చెప్పనక్కరలేదు. కావున నీ యంత్రము బడిలో నడుగు పెట్టునపుడు మనము విచారింపవలసిన ప్రశ్న యొక్కటియే: బాలుడు యంత్రమునకు ఆజ్ఞ యిచ్చునా, లేక దాని యెదుట చేతులు కట్టుకొని నిలుచునా?

సీమోర్ పాపర్టు అను గణితవేత్తయు నాతని సహచరులును 1967లో అమెరికా దేశమున పిల్లలకొరకు 'లోగో' అను యంత్రభాషను కల్పించిరి. ఆ భాషలో నాజ్ఞాపించిన నేలపై నడచుచు గీతలు గీయు చిన్న యంత్రమునకు తాబేలని పేరిడిరి. కొల్లేటి పిల్లలకు తాబేలు క్రొత్తది కాదు గదా! దానిచే సమబాహు త్రిభుజమును గీయింపుమని యేడవ తరగతి బాలికతో ననుడు. ఒక్కొక్క కోణము 60 డిగ్రీలని పుస్తకమున చదివినది గనుక, మూలమూలకు 60 డిగ్రీలు తిరుగుమని చెప్పును. తాబేలు మూడు మారులు నడచియు బయలుదేరిన చోటికి చేరదు. అట్లే నడువనిచ్చిన నారు భుజములు గీయును. బాలిక తానే తాబేలై నేలపై నడచి చూచుకొనును. తిరుగవలసినది లోపలి కోణము గాదనియు, వెలుపలి 120 డిగ్రీలనియు గ్రహించును. ఇచ్చట తప్పు దండనకు కారణము కాదు; తరువాతి ప్రయత్నమునకు మెట్టు.

చక్రమును చూడుడు. 7 సెంటీమీటర్ల వ్యాసముగల చక్ర మొక చుట్టునకు సుమారు 22 సెంటీమీటర్లు పోవును. 110 సెంటీమీటర్లు పోవుటకు 5 చుట్లు చాలునని లెక్క చెప్పును. నున్నని నేలపై చక్రము జారిన నాలెక్క తప్పును. అచ్చటనే ఘర్షణ పాఠ మారంభమగును. పాఠ్యపుస్తకమున నెడముగా నున్న గణితమును భౌతికశాస్త్రమును బల్లమీద కలిసికొనును.

మన సీమలో నిట్టి పాఠములకు కొదువ లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి కొల్లేట పోయుచున్నవి. ఉప్పుటేరు వానిని సముద్రమునకు చేర్చుచున్నది. నీటిమట్టము కొలుచు చిన్న పరికరమును పిల్లలేల చేయరాదు? వినరాని ధ్వని నీటిని తాకి మరలి వచ్చుటకు సెకనులో నూరవ వంతు పట్టినచో, ధ్వనివేగము సెకనుకు 340 మీటర్లు గనుక, రానుపోను 3.4 మీటర్లు, నీరున్నది 1.7 మీటర్ల క్రింద. చేపల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గుటయేలయో, తెడ్ల చక్రము నేల త్రిప్పుదురో గట్టుమీది పిల్లవానికి కంటితో తెలియును. కారణమును తెలిసికొని చక్రము తానే చేసిననాడు వాడు శాస్త్రజ్ఞుడగుట కారంభించెను.

సాధనములు బొత్తిగా లేవనజాలము. 6వ తరగతి మొదలు 12వ తరగతివరకు చదువు పిల్లలకై 2016లో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథక మేర్పడినది. ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయలవరకు సహాయము నిర్ణయింపబడినది. అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలందు 50,000 స్థాపింతుమని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించిరి. కాని మే మొక బడిలో చూచినదేమి? పరికరములు బీరువాలో, తాళము లోపల నున్నవి. తనిఖీదారు వచ్చిననాడు రోబోటు పూలగుచ్ఛము నందించును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. మరల తాళము పడును. ఉపాధ్యాయుని నిందింపకుడు. ఆతనికి శిక్షణ లేదు; వస్తువు విరిగిన నెవరు జవాబు చెప్పవలెనను భయము మాత్ర మున్నది.

గురువులు చాలని బడికి రోబోటు లేల యని కొందరందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. గురువునకు బదులుగ యంత్రము వలదు. అయినను 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారమున విద్య గరపుడనినప్పుడు చూపిన మార్గము నేటికిని మార్గమే. వెదురుబద్దలు, పాతసైకిలు చక్రము, చిన్న మోటారు చాలును, ఆరంభమునకు.

తాడేపల్లిగూడెమున 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. అచ్చటి విద్యార్థులు నెలకొక శనివారము లంకగ్రామపు బడికి పోయిన నెంత మేలు! విరిగిన వస్తువునకు ఉపాధ్యాయుని బాధ్యుని చేయబోమని అధికారులు వ్రాసియిచ్చిన నెంత ధైర్యము! పాఠము తెలుగున జరిగిన నెంత సుళువు! మీరు మీ యూరి బడికి పోయి, బీరువా తెరువుడని యడుగుడు.

పట్నపు ధనికుల బిడ్డ లాజ్ఞ లిచ్చుటయు, కొల్లేట వలవేయువారి బిడ్డ లాజ్ఞలు మోయుటయు జరిగెనా, పాత వెట్టి క్రొత్తపేరుతో మరలి వచ్చినట్లే. దానిని రానీయకుండుట మన చేతిలో నున్నది.