గోడ మీద చప్పుడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నాలుగు మంచి మాటలు చెప్పు, పది నిమిషాలు దాటొద్దు" అన్నారు సంఘం వాళ్లు. నేను వంతెనలు కట్టే ఇంజనీర్ని. మంచి మాటలు నాకు పెద్దగా రావు. అందుకని ఒక మనిషి కథ చెబుతాను. ఆయన మనవాడు కాదు, ఆ యుద్ధం మనది కాదు. అమెరికా నౌకాదళంలో పైలట్. పేరు జేమ్స్ స్టాక్‌డేల్.

కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఈ పేరు ట్రైనింగుల్లో వినే ఉంటారు. "స్టాక్‌డేల్ పారడాక్స్" అని ఒక స్లైడు వేస్తారు. జిమ్ కాలిన్స్ అనే మేనేజ్‌మెంట్ రచయిత 2001లో తన పుస్తకంలో రాశాక అది ప్రపంచమంతా తిరిగింది. జైల్లో తట్టుకోలేకపోయినవాళ్లు ఎవరని కాలిన్స్ అడిగితే, క్రిస్మస్‌కి ఇంటికెళ్లిపోతాం, ఈస్టర్‌కి వెళ్లిపోతాం అని తేదీలు పెట్టుకున్న ఆశావాదులే అని స్టాక్‌డేల్ చెప్పాడట. చివరికి గెలుస్తామన్న నమ్మకం వదలకూడదు, ఇవాళ్టి పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో చూడడమూ మానకూడదు. ఇదీ ఆ స్లైడు సారాంశం. మంచి మాటే. కానీ అది సగం కథ. ఆ స్లైడు చూస్తే ఒక మొండి మనిషి ఒంటరిగా గెలిచాడనిపిస్తుంది. జరిగింది అది కాదు.

1965 సెప్టెంబర్ 9. ఒరిస్కనీ అనే విమాన వాహక నౌక నుంచి లేచిన స్టాక్‌డేల్ విమానాన్ని ఉత్తర వియత్నాంలో నేల మీది తుపాకులు కూల్చేశాయి. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్లు నిండలేదు. భార్య సిబిల్, నలుగురు కొడుకులు. అంతకు కొన్నేళ్ల ముందు నేవీ ఆయన్ని స్టాన్‌ఫర్డ్‌కు చదువుకోవడానికి పంపింది. అక్కడ ఒక ఫిలాసఫీ ప్రొఫెసర్ ఆఖరి రోజున ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. రెండువేల ఏళ్ల కిందటి ఎపిక్టెటస్ బోధలు. ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు, కుంటివాడు. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని విడదీసుకోమంటాడు. ఫైటర్ పైలట్‌కి ఇదెందుకని స్టాక్‌డేల్‌కి మొదట అర్థం కాలేదు. పారాచూట్‌లో దిగుతున్న ఆ అర నిమిషంలో అర్థమైంది. యంత్రాల లోకం వదిలి ఎపిక్టెటస్ లోకంలోకి వెళుతున్నానని అనుకున్నాడట. కింద ఊరి వీధిలో పడగానే జనం మీదపడి కొట్టారు. కాలు విరిగింది. జీవితాంతం ఆయన కుంటుతూనే నడిచాడు.

ఇక్కడ ఒకమాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ జనం మీద రోజూ బాంబులు పడుతున్నాయి. ఆ యుద్ధంలో చనిపోయిన వియత్నామీయులు లక్షల్లో ఉన్నారు. ఆయన్ని ఉంచిన హనోయిలోని హోవా లో జైలు కూడా ఫ్రెంచివాళ్లు వియత్నాం దేశభక్తుల్ని బంధించడానికి కట్టిందే. ఇంకొకటి. 1964 ఆగస్టు 4 రాత్రి టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద దాడి జరిగిందని చెప్పి అమెరికా యుద్ధాన్ని పెంచింది. ఆ రాత్రి ఆ ఓడల మీదుగా విమానంలో తిరిగినవాడు స్టాక్‌డేల్. అక్కడ శత్రు పడవ ఒక్కటీ కనిపించలేదని ఆయనే తర్వాత రాశాడు. హింసించి ఆ రహస్యం ఎక్కడ కక్కిస్తారోనని జైల్లో ఉన్నంతకాలం భయపడ్డాడు. కాబట్టి నేను చెబుతున్నది ఏ దేశం గొప్పదన్న కథ కాదు. నాలుగు గోడల మధ్య మనిషి ఎలా నిలబడ్డాడన్న కథ.

ఏడున్నరేళ్లు. అందులో నాలుగేళ్లు ఒంటరి గది. రెండేళ్లు కాళ్లకు ఇనప సంకెళ్లు. పదిహేనుసార్లు చిత్రహింస. చేతులు వెనక్కి విరిచి తాళ్లతో బిగించి, తల పాదాల దగ్గరికి వంగేలా తొక్కేవారు. అమెరికా సైనిక నియమావళి ప్రకారం బందీ చెప్పాల్సింది పేరు, ర్యాంకు, నంబరు, పుట్టిన తేదీ మాత్రమే. ఆ తాళ్లలో దాదాపు ఎవరూ దాని మీద నిలబడలేకపోయారు. ఏదో ఒకటి చెప్పారు, ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టారు. స్టాక్‌డేల్ కూడా. తర్వాత గదిలోకి విసిరేస్తే, "నేనొక్కణ్నే లొంగిపోయాను, నేనింక ఎవరి మొహం చూడగలను" అని కుమిలిపోయేవారు. జైలు వాళ్లకు కావలసింది సరిగ్గా అదే. తాళ్లకన్నా గట్టిగా కట్టేవి రెండున్నాయని స్టాక్‌డేల్ గ్రహించాడు: ఒకటి ఒంటరితనం, రెండోది సిగ్గు.

ఒంటరితనానికి విరుగుడు గోడలోనే దొరికింది. స్మిటీ హారిస్ అనే వైమానిక దళ కెప్టెన్‌కి, శిక్షణ రోజుల్లో కాఫీ విరామంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన పాత చిట్కా గుర్తుకొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు 26. అందులో "కె" తీసేసి దాని బదులు "సి" వాడితే 25. ఐదు అడ్డ వరుసలు, ఐదు నిలువు వరుసల గళ్లలో సర్దుకుంటాయి. మొదటి దెబ్బలు అడ్డ వరుస, తర్వాతి దెబ్బలు నిలువు వరుస. "జి" అంటే రెండు, రెండు. "బి" అంటే ఒకటి, రెండు. "యు" అంటే నాలుగు, ఐదు. జి, బి, యు: దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని ఇంగ్లీషులో చెప్పే మాటకు పొడి అక్షరాలు. రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద అదే ఆఖరి చప్పుడు. మోర్స్ ఎందుకు కాదంటారా? గోడ మీద తడితే చుక్కకీ గీతకీ తేడా తెలియదు. ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది: పరికరం లేదు, కరెంటు లేదు, ఖర్చు లేదు, వేలి కణుపు చాలు. దగ్గుతో, చీపురు ఊపుతో కూడా మాట్లాడుకున్నారు. ఒకసారి మాట్లాడకూడదన్న ఆంక్ష ఉన్నప్పుడు, ముంగిలి ఊడుస్తున్న ఖైదీలు చీపురు చప్పుడుతోనే "నువ్వంటే మాకు ప్రేమ" అని స్టాక్‌డేల్‌కి చెప్పారు.

రెండోది సిగ్గు. దానికి విరుగుడు స్టాక్‌డేల్ పెట్టిన నియమాలు. జైల్లో ఉన్న నేవీ వాళ్లలో ఆయనే పెద్ద. మనిషి మోయలేని నియమం పెడితే మనిషే విరుగుతాడని ఆయనకు తెలుసు. మా భాషలో చెప్పాలంటే, కాగితం మీది లోడు కాదు, సైటులో వచ్చే లోడు చూసి డిజైన్ చేశాడు. బయట జనం ముందు తల వంచొద్దు. రేడియోలో మాట్లాడొద్దు. నేరం ఒప్పుకోవద్దు. వెళ్లేటప్పుడు వాళ్లను మెచ్చుకుంటూ వెళ్లొద్దు. అన్నిటికీ మించి, నాకన్నా మనం ముఖ్యం. హింస పడి లొంగినవాణ్ని ఎవరూ వెలివేయకూడదు. వాడు గదిలోకి తిరిగి రాగానే పక్క గోడ తట్టాలి: "మేమూ ఇలాగే విరిగాం. నువ్వేం చెప్పావో మాకు చెప్పు. కాస్త కోలుకో. రేపు మళ్లీ మొదలుపెడదాం." వాడు మళ్లీ నిలబడింది ఆ చప్పుడు విని.

ఆయన మాట మాత్రమే కాదు. 1969లో తనని ప్రచారానికి వాడుకోబోతున్నారని తెలిసి, బ్లేడుతో నెత్తి కోసుకున్నాడు, స్టూలుతో మొహం వాయగొట్టుకున్నాడు. ఆ మొహాన్ని వాళ్లు ఎవరికీ చూపించలేకపోయారు. అక్కడ అమెరికాలో భర్తల సంగతి బయట మాట్లాడొద్దని ప్రభుత్వం చెబితే, సిబిల్ వినలేదు. మిగతా ఇళ్ల ఆడవాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది, పత్రికల కెక్కింది. 1969 చివర్నుంచి జైల్లో హింస తగ్గడానికి ఆ ఒత్తిడి కూడా ఒక కారణం.

మాస్టార్ల కోసం మరో రెండు సంగతులు. డగ్ హెగ్డాల్ అని ఇరవై ఏళ్ల నావికుడు. ఓడ మీంచి సముద్రంలో పడి పట్టుబడ్డాడు. ఏమీ తెలియని అమాయకుడిలా నటించి, పిల్లల పాట బాణీలో 256 మంది ఖైదీల పేర్లు కంఠస్థం చేశాడు. పై అధికారుల ఆజ్ఞ మీద 1969లో ముందుగా విడుదలై, ఆ పేర్లన్నీ అప్పజెప్పాడు. బట్టీయం పనికిరాదనేవాళ్లకి ఇది చెప్పండి. 1970 చివర్లో ఖైదీలను పెద్ద గదుల్లో కలిపి ఉంచినప్పుడు వాళ్లు చేసిన పనుల్లో ఒకటి బడి పెట్టుకోవడం. పుస్తకం లేకుండా, గుర్తున్నంతలో ఒకరికొకరు భాషలు, లెక్కలు, చరిత్ర చెప్పుకున్నారు. మనిషికి బడి ఎంత అవసరమో ఇంతకన్నా ఏం చెప్పాలి!

1973 ఫిబ్రవరి 12న స్టాక్‌డేల్ బయటికొచ్చాడు. ఆ వసంతంలో ఇంటికి చేరిన బందీలు 591 మంది. 1976లో ఆయనకు అమెరికా అత్యున్నత సైనిక పతకం వచ్చింది. 2005లో కన్నుమూశాడు.

ఈ కథ ఇక్కడెందుకు చెప్పానంటారేమో. ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే నాకు భయం. తప్పిన పిల్లవాడి గదికి తాళం లేదు, కాపలా లేదు. అయినా వాడు లోపల్నుంచి గడియ పెట్టుకుంటాడు. "నేనొక్కణ్నే, ఎవరి మొహం చూడను" అనుకుంటాడు. హనోయిలో ఆ మాట అనుకున్నవాళ్లు వయసొచ్చిన యోధులు. మనవాడికి పదిహేడు. చివరికి గెలుస్తావురా అని స్లైడు చూపిస్తే వాడికి వినబడదు. ముందు పక్క గోడ తట్టాలి.

అందుకని ఈ సంఘానికి ఒక విన్నపం. ఫస్టు వచ్చినవాళ్లకి మనం శాలువా కప్పుతున్నాం, మంచిదే. ఇకనుంచి మన బడి నుంచి వెళ్లి పరీక్ష రాసిన పిల్లల ఫోన్ నంబర్లు ముందే తీసుకుందాం. ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం లోపల, తప్పినవాళ్లకి మొదటి ఫోను, ర్యాంకు వచ్చినవాళ్లకి తర్వాత. మనలో సప్లిమెంటరీ రాసి పైకొచ్చినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. చేతులెత్తమని అడగను, ఫోను మాత్రం మీరే చేయండి. ఉపన్యాసం అక్కర్లేదు. "ఒరేయ్, నేనూ తప్పాను. అన్నం తిన్నావా?" అంటే చాలు.

నా పేరు మొదటి వంద ఫోన్లకు రాసుకోండి. సెలవు.