పనుల శాస్త్రం, మన పనులు

ఈ రోజు ఆక్యుపేషనల్ థెరపీ పట్టాలు అందుకున్న మిత్రులారా!

వంట, సంపాదన, పూజ, పేకాట. మనిషి లేచింది మొదలు పడుకునేదాకా చేసే ఈ పనులనే ఒక శాస్త్రంగా చదవాలని ఎలిజబెత్ యెర్క్సా బృందం పట్టుబట్టింది. అలా 1989లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఆక్యుపేషనల్ సైన్స్ పేరుతో పీహెచ్‌డీ మొదలైంది. శాస్త్రాన్నీ చికిత్సనూ కలిపేయకండని ఆన్ మోసీ 1992లోనే అడ్డం తిరిగారు. ఆ తగవు మంచికే వచ్చింది. లేకపోతే ఈ శాస్త్రం థెరపీకి వంతపాడుతూ ఉండిపోయేది.

నాకు దీని మీద గురి కుదిరింది మాత్రం 1997 నాటి ఒక అధ్యయనంతో. ఫ్లారెన్స్ క్లార్క్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 60 ఏళ్లు, ఆపై వయసున్న 361 మందిని మూడు గుంపులు చేసింది. మొదటి గుంపుతో థెరపిస్టులు తొమ్మిది నెలలు కూర్చుని, ఎవరి దినచర్యను వారిచేతే పరిశీలింపజేశారు. బస్సులో ఒంటరిగా వెళ్లిరావడం లాంటి చిన్న విషయాలు కూడా అందులో ఉన్నాయి. రెండో గుంపుకు ఆటలు, సినిమాలు. మూడోదానికి ఏమీ లేదు. మొదటి గుంపు ఆరోగ్యం మెరుగుపడింది. విశేషమంతా రెండో గుంపులో ఉంది: కాలక్షేపం దొరికినవాళ్లు, ఏదీ దొరకనివాళ్ల కంటే బాగుపడిందేమీ లేదు. హాల్లో టీవీ పెట్టి చేతులు దులుపుకునే మన వృద్ధాశ్రమాల వాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండు.

ఆస్ట్రేలియాలో ఆన్ విల్కాక్ 1993లో ఈ శాస్త్రానికి ఒక పత్రిక స్థాపించి, చేతికి పని ఉండడం ఆరోగ్యం, న్యాయం రెండింటికీ సంబంధించినదని వాదించారు. జైళ్లలో, శరణార్థి శిబిరాల్లో పని కరువైన బతుకుల గురించి గెయిల్ వైట్‌ఫర్డ్ రాశారు. అయినా ఈ శాస్త్రం కళ్లముందున్నది ఎక్కువగా పాశ్చాత్య మధ్యతరగతి మనిషేనని కెరెన్ హామెల్ చేసిన విమర్శ ఇప్పటికీ చెల్లుతుంది. పని అంటే మనం కోరి ఎంచుకునేది, మనకు మేలు చేసేది అన్న ధీమా ఆ మనిషిది.

ఆ ధీమా మన దగ్గర నిలుస్తుందా? నిజామాబాద్ వైపు ఒక అరుగు చూడండి. నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, నానబెట్టిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుడుతుంటారు. వేళ్లు ఆగవు, మాటలూ ఆగవు. ఆ పని వాళ్లకు కూలి, పీఎఫ్, సావాసం ఇస్తుంది. ఊపిరితిత్తులను, నడుమును తీసుకుంటుంది. వాళ్లలో ఒకామెకు పక్షవాతం వచ్చి మీ దగ్గరికి వస్తే ఆ వేళ్లను మళ్లీ బీడీకే సిద్ధం చేస్తారా? వద్దంటే ఆ అరుగును ఆమెకు ఎక్కడినుంచి తెచ్చిస్తారు?

దీనికి జవాబు లాస్ ఏంజెలెస్ నుంచి రాదు, మీరు రాసే కాగితాల నుంచే రావాలి. కేస్ షీట్‌లో ‘గృహిణి’ అని రాసేసి తర్వాతి గడికి పోకండి. ఏ వేళకు ఏం చేస్తుందో, ఎవరితో కూర్చుని చేస్తుందో, కూలి ఎవరి చేతికి పోతుందో అడిగి రాసుకోండి. జిల్లాకు ఇన్నని అలాంటి కాగితాలు పోగవ్వనివ్వండి. వాటిని ముందేసుకుని కూర్చునే రోజు నన్నూ పిలవండి, తప్పకుండా వస్తాను.