సూది మందు – మన భయాలు



ఈ రోజు టీకా గురించి మాట్లాడుకుందాం. టీకా అనగానే మనకు కరోనా గుర్తుకొస్తుంది. మన దేశంలో కరోనా టీకా 2021 జనవరి 16న మొదలైంది. మొదట ఆసుపత్రి వాళ్ళకు, సఫాయి పనివాళ్ళకు వేశారు. మార్చిలో ముసలివాళ్ళకు వేశారు. మే నెల నుంచి 18 ఏళ్ళు నిండిన వాళ్ళందరికీ అన్నారు. ఎక్కువగా వేసింది రెండు రకాల మందు. కోవిషీల్డు పూనాలో తయారైంది. కోవాగ్జిన్ మన హైదరాబాదులోనే తయారైంది.

జబ్బు లేనివాళ్ళకు సూది ఎందుకు? చాలామంది అడిగారు. మంచి ప్రశ్నే.

ఇంట్లో తేలును చంపుతాం. చచ్చిన తేలును పిల్లవాడికి చూపిస్తాం. "ఇదిగో, ఇది తేలు. కొండి చూడు" అంటాం. చచ్చిన తేలు కుట్టదు. కానీ పిల్లవాడు దాన్ని గుర్తు పెట్టుకుంటాడు. బతికిన తేలు కనబడితే చెప్పు తీస్తాడు. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన కరోనా క్రిమే. దాన్ని చూసి మన ఒళ్ళు నేర్చుకుంటుంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒక్కసారి చూపిస్తే చాలదు. అందుకే రెండో సూది.

టీకా కొత్తదేం కాదు. 1796లో ఇంగ్లండులో జెన్నర్ అనే డాక్టరు మశూచికి టీకా వేశాడు. ఆయనకు దారి చూపింది పాలు పితికే ఆడవాళ్ళు! ఆవు పొదుగు మీది పొక్కులు వాళ్ళ చేతులకు అంటేవి. అలా అంటినవాళ్ళకు మశూచి వచ్చేది కాదు. మన దేశంలో మొదటి టీకా 1802లో బొంబాయిలో వేశారు. వేయించుకున్నది మూడేళ్ళ ఆడపిల్ల. మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. 1975 తర్వాత మన దేశంలో ఒక్కరికీ రాలేదు. కొందరు ముసలివాళ్ళ మొహాల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మీ పిల్లల మొహాల మీద లేవు.

మళ్ళీ కరోనా దగ్గరికి వద్దాం. 2021 ఎండాకాలంలో లెక్క చూస్తే, టీకా వేయించుకున్న ఆడవాళ్ళు మగవాళ్ళకంటే తక్కువ. ఎందుకని? చిన్న వయసు వాళ్ళు మొదట ఫోనులో పేరు రాయించుకోవాలన్నారు. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మీకు తెలుసు. సూది వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. కూలి పోతుంది. వంట ఎవరు చేస్తారు? భర్తకు జ్వరమొస్తే మనం గంజి కాచి ఇస్తాం. మనకు వస్తే ఇచ్చేదెవరు? ఈ మాట ఇంట్లో గట్టిగా అడగాల్సిందే.

పుకార్లు కూడా పుట్టాయి. ముట్టుకు అయిదు రోజులు ముందూ వెనకా సూది వేయించుకోకూడదన్నారు. అది అబద్ధమని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. కొందరికి ఆ నెల ముట్టు ఒక రోజు ఆలస్యమైందని తర్వాత తేలింది. మళ్ళీ మామూలైంది. పిల్లలు పుట్టరన్నారు. అదీ అబద్ధమే. గర్భిణులకు కూడా 2021 జూలై నుంచి వేశారు.

అయితే నిజం దాచకూడదు. టీకా వేయించుకున్నా కరోనా వచ్చినవాళ్ళు ఉన్నారు. కానీ ప్రాణం మీదికి రావడం బాగా తగ్గింది. చాలా చాలా అరుదుగా, కోవిషీల్డు వేయించుకున్న కొందరికి రక్తం గడ్డకట్టింది. కొందరికి సూది పడదు. అందుకే వేశాక అరగంట కూర్చోమన్నారు. "పనుంది" అని లేచి పోవద్దు.

ఇప్పుడు ఆ హడావిడి లేదు. పిల్లల టీకాలు మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. బిడ్డకు 9 నెలలు నిండగానే తట్టు సూది. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. బిడ్డకు జ్వరమొచ్చిందని చాలామంది రెండోది మానేస్తున్నారు. మానకండి. జ్వరం మాత్ర ఎంత వేయాలో నర్సమ్మను అడగండి.

టీకా కార్డు మీ ఇంట్లో ఎక్కడుంది? పెట్టెలోనా, చూరులోనా? రేపు క్లాసుకు తెచ్చుకోండి. తారీకులు మీరే చదవాలి. నేను చదివి పెట్టను.