కిటికీని బట్టి కర్టెను రాడ్డు



కర్టెన్ల కుట్టు గురించి మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఈ రోజు రాడ్ల గురించి చెప్పమన్నారు. కుట్టేది మనం, బిగించేది దుకాణం పంపిన కుర్రాడు అన్నట్టుగా ఇన్నాళ్ళూ నడిచింది. బిగింపు కూలి అతను పట్టుకెళ్తాడు, అది సరే. కానీ రాడ్డు ఊడితే మాట పడేది మనమే. "మీరు కుట్టిన కర్టెను బరువుకి ఊడింది" అంటారు. అందుకే మా సంఘంలో నలుగురం డ్రిల్లు మిషను పట్టుకోవడం నేర్చుకున్నాం.

ఒక ఇంట్లో బాలింత ఉంది. కిటికీ పక్కనే ఉయ్యాల కట్టారు. ఆ కిటికీ రాడ్డుని ఎవరో మేకులు కొట్టి నిలబెట్టి పోయారు. ఒకరోజు పొద్దున రాడ్డు, బ్రాకెట్టు, కర్టెను అన్నీ కలిసి ఉయ్యాలలోకి పడ్డాయి. ఆ సమయానికి పెరట్లో బిడ్డకి నీళ్ళు పోస్తున్నారు గనక సరిపోయింది. మేము వెళ్ళి చూస్తే మేకు ముప్పావు అంగుళం కూడా దిగలేదు. అందులో అర అంగుళం పైపూతే. అంటే ఇటుకని పట్టుకున్నది ఏమీ లేదు. కర్టెను బరువు తక్కువే అనుకుంటాం గానీ, పిల్లలు పట్టుకుని లాగితే ఆ బరువు వేరు.

కాబట్టి దుకాణానికి వెళ్ళేముందు గోడని చూడాలి. వేలి కణుపుతో తట్టండి. డొల్ల చప్పుడు వస్తే అక్కడ పూత గోడని వదిలేసిందని అర్థం, ఆ చోటు వద్దు. డ్రిల్లు పెట్టినప్పుడు వచ్చే పొడి కూడా చెబుతుంది. ఎర్ర పొడి వస్తే కాల్చిన ఇటుక, బాగా పట్టుకుంటుంది. బూడిద రంగు పొడి వస్తే సిమెంటు ఇటుకో, ఫ్లైయాష్ ఇటుకో. పిండిలాంటి పొడి వస్తూ బిట్టు వెన్నలో దిగినట్టు దిగితే అది తేలికపాటి బ్లాకు. దానికి హ్యామర్ వాడకూడదు, పొడవు ప్లగ్గు, పొడవు స్క్రూ వెయ్యాలి. కిటికీకి సరిగ్గా పైన లింటలు ఉంటుంది. అది కాంక్రీటు, లోపల చువ్వలు. మామూలు డ్రిల్లు అక్కడ జారుతుంది, హ్యామర్ ఉన్న మిషనే కావాలి. చువ్వ తగిలితే మొండిగా తొలవకుండా అంగుళం పక్కకి జరగండి.

మట్టి గోడల ఇళ్ళలో ప్లగ్గు నిలవదు. కిటికీ చెక్క ఫ్రేముకే బ్రాకెట్టు బిగించండి. లేదా ఫ్రేము మీద ఒక చెక్క పట్టీ కొట్టించి దాని మీద పెట్టుకోండి. చెదలు లేని చెక్కా కాదా చూసుకోవాలి. సిమెంటు రేకుకి మాత్రం ఎప్పుడూ రంధ్రం చెయ్యొద్దు. రేకు పగులుతుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి చెడుపు.

ఇక కిటికీలు. సెంటున్నర స్థలాల్లో కట్టుకున్న కాలనీ ఇళ్ళకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. ఫ్రేముకి పైన 4 నుంచి 6 అంగుళాల ఎత్తులో అంగుళం మందం స్టీలు రాడ్డు సరిపోతుంది.

పాత పెంకుటిళ్ళ కిటికీలతోనే పని. రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. రాడ్డు కిటికీ వెడల్పంతే పెడితే గుడ్డ రెక్కకి అడ్డం పడుతుంది, రెక్క తీసిన ప్రతిసారీ నలుగుతుంది. రెండు పక్కలా అడుగు చొప్పున రాడ్డు పొడిగిస్తే గుడ్డ పూర్తిగా గోడ మీదికి జరుగుతుంది. పైన రెండు, కింద రెండు, నాలుగు రెక్కలున్న కిటికీ అయితే మాకు ఇంకా ఇష్టం. కింది సగానికి మాత్రం ఫ్రేము లోపల స్ప్రింగు తీగ లాగి సగం కర్టెను వేస్తాం. పై రెక్కల నుంచి గాలీ వెలుతురూ వస్తాయి, కింద మంచం మీద కూర్చున్నవాళ్ళు వీధికి కనపడరు. పాతవాళ్ళు ఊరికే నాలుగు రెక్కలు పెట్టలేదు.

పొయ్యి దగ్గర కిటికీకి కర్టెను వద్దే వద్దు. ఎవరు అడిగినా మేము కుట్టి ఇవ్వం. అద్దానికి మసక స్టిక్కరు అంటించుకోమంటాం. కూలరు పెట్టే కిటికీ ఉంటే, కొలత తీసుకునేటప్పుడే కూలరు ఎక్కడ పెడతారో అడగండి. వేసవిలో గుడ్డ దాని మీద పడి గాలి ఆగిపోతుంది. బీరువాకి ఆనుకున్న కిటికీకి ఒక పక్కనే చోటు ఉంటుంది, అక్కడ రెండు ముక్కలు కాకుండా ఒకే ముక్క చేసి ఒకవైపే జరిగేలా పెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుప పైపు, ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి, తుప్పు మరక పడిన గుడ్డ ఎంత ఉతికినా తెల్లబడదు. అక్కడ స్టీలో అల్యూమినియమో తీసుకోండి.

కొలతకి ఇనుప టేపు వాడాలి. కుట్టు టేపు వాడగా వాడగా సాగుతుంది. 4 అడుగుల కిటికీ అనుకుందాం, అంటే 48 అంగుళాలు. రెండు పక్కలా 6 చొప్పున కలిపితే బ్రాకెట్ల మధ్య 60. చివర బుడిపెలకి ఇంకొంచెం వదిలి 64 కోయించండి. గుడ్డ వెడల్పు 60కి ఒకటిన్నర రెట్లు తగ్గకూడదు, రెండు రెట్లుంటే కుచ్చులు బాగా వస్తాయి. 48 అంగుళాల పన్నా గుడ్డ రెండు ముక్కలైతే 96 వస్తుంది, చాలు. రింగులు ఎప్పుడూ సరి సంఖ్యలో, ఎనిమిదో పదో వెయ్యండి. బేసి వేస్తే ఒక అంచు గోడ వైపుకి, ఒక అంచు గది వైపుకి తిరుగుతుంది. రెడీమేడువి కొంటే కిటికీకి 5 అడుగులు, గుమ్మానికి 7 అడుగులు. రాడ్డు 6 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్టు తప్పదు. దుకాణంలో పైపు రెండు చివర్లూ పట్టించి మధ్యలో బొటనవేలితో నొక్కండి, వంగుతుంటే పక్కన పెట్టెయ్యండి.

అన్నిటికన్నా ఎక్కువగా మమ్మల్ని పిలిచేది కిటికీకి కాదు, గది మధ్యలో అడ్డు తెర కోసం. ఒకటే గది, ఎదిగిన ఆడపిల్ల, తండ్రీ అన్నదమ్ములూ అందరూ అక్కడే. ఆ పిల్ల బట్టలు మార్చుకోవాలంటే అందరూ బయటికి పోవాలి, లేదా పక్కింటికి తనే పోవాలి. తాడు కట్టి చీర వేస్తారు, అది మధ్యలో వేలాడి పక్కల నుంచి కనపడుతూనే ఉంటుంది. 10 అడుగుల గదికి గోడ నుంచి గోడకి ముప్పావు అంగుళం జీఐ పైపు వేస్తాం. రెండు చివరలా గోడకి గుండ్రటి సాకెట్లు నాలుగేసి స్క్రూలతో బిగిస్తాం, మధ్యలో స్లాబు నుంచి ఒక కొక్కెం. రేకుల ఇల్లయితే ఆ కొక్కేన్ని దూలానికి గట్టి తీగతో కడతాం. గుడ్డ నేలకి రెండు అంగుళాల పైన ఆగాలి, లావుగా ఉండాలి. రెండు ముక్కలు కలిసేచోట ఒకదానిమీద ఒకటి ఆరంగుళాలు ఎక్కాలి. ఆ పని చేసిన ఇంట్లో పిల్ల తల్లి కూలి ఇస్తూ, "ఇది ముందే తెలిస్తే బీరువా కొనేదాన్ని కాదు" అంది.

పల్చటి గుడ్డతో ఒక మోసం ఉంది. పగలు బయటివాళ్ళకి లోపల ఏమీ కనపడదు. రాత్రి లోపల లైటు వేస్తే అంతా కనపడుతుంది. బిగించిన రోజు రాత్రి ఒకరు లోపల నిలబడి, ఒకరు వీధిలోకి వెళ్ళి చూడండి. కనపడితే వెనక అస్తరు కుట్టండి.

బిగించేటప్పుడు చీర కొంగు నడుముకి దోపి, జడ ముడి వేసుకోండి. డ్రిల్లుకి కొంగు చుట్టుకుంటే ఆపేలోపే లాగేస్తుంది. కాళ్ళకి చెప్పులు, కళ్ళకి అద్దాలు ఉండాలి, స్టూలుని ఇంకొకరు పట్టుకోవాలి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, తిన్నగా పక్కనా రంధ్రం వద్దు, గోడలో వైరు పోతుంటుంది. ఆ గదికి కరెంటు తీసేసి, డ్రిల్లుకి పక్కగది నుంచి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోండి. ప్లగ్గు బిట్టు ఒకే కొలతవి ఉండాలి, బిట్టు 6 ఎంఎం అయితే ప్లగ్గూ 6. పాత ఇళ్ళలో ఫ్రేమే వాలి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో రెండు చివరలూ ఒకే మట్టానికి గుర్తు పెట్టండి. పొడుగు పైపు మోసుకొచ్చేటప్పుడు నిలువుగా పట్టుకోవద్దు, పైన కరెంటు తీగలుంటాయి.

అద్దె ఇంట్లో యజమాని గోడ తొలవనివ్వరు. అక్కడ ఫ్రేము మధ్యలో తిప్పి బిగించే స్ప్రింగు రాడ్డు వాడుకోవచ్చు, కానీ పల్చటి గుడ్డకే. పిల్లలు లాగితే జారుతుంది, కింద ఉయ్యాలా మంచమూ పెట్టకండి.

కూలి లెక్కల్లో కుట్టుకూలి, రాడ్డు ఖర్చు, బిగింపు కూలి వేరువేరుగా రాయండి, రాడ్డు బిల్లు ఇంటివాళ్ళకి చూపించండి. మా డ్రిల్లు మిషను సంఘం పొదుపు అప్పుతో కొన్నదే, బిగింపు కూలిలోంచే వాయిదా కడుతున్నాం. మిషను ఏ గ్రామ సంఘానికి కావాలన్నా మీ వీఓఏ చేత ముందురోజు చెప్పించండి, మాలో ఒకరం కూడా వస్తాం. భోజనాలయ్యాక వెనక గది గోడకి ఒక రాడ్డు బిగించి చూపిస్తాం. ముందుగా మిషను పట్టుకునేవాళ్ళు కొంగు దోపుకుని రండి.