చలికాలం వెళ్ళాక పచ్చిక ఎలా లేస్తుంది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత వ్యవసాయాధికారి చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లల దగ్గరకని అమెరికా వెళ్ళి వస్తున్నారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిషిగన్, మిన్నెసోటా వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నవారు, మంచు కరిగాక గోల్ఫ్ మైదానాలను చూసే ఉంటారు. ఎండుగడ్డి రంగు, అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు. అంతా చచ్చిపోయిందనే అనిపిస్తుంది. నిజానికి ఆ సంగతి ఆకును చూసి చెప్పలేం.

గడ్డి ప్రాణం వేరుకూ ఆకుకూ నడుమ, నేలమట్టంలో ఉండే మొదలులో ఉంటుంది. అది తెల్లగా, గట్టిగా ఉంటే గడ్డి బతికున్నట్టే. గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఆశ లేదు. మైదానం పోషణ చూసే ఉద్యోగిని అక్కడ సూపరింటెండెంట్ అంటారు. మన ఫైళ్ళ సూపరింటెండెంటు కాదు లెండి! బంతిని గుంటలో వేసే చోట నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. చలికాలం చివర్లో ఆయన గ్రీన్ నుంచి చిన్న మట్టిగడ్డ కోసి తెచ్చి, వెచ్చని గదిలో కిటికీ దగ్గర పెడతాడు. చిగురేస్తే ధైర్యం. వేయకపోతే విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు.

మెత్తని మంచు గడ్డికి దుప్పటిలాంటిది. కీడు చేసేది గట్టి ఐసు పొర. దాని కింద గాలి ఆడదు. బెంట్ గడ్డి 120 రోజులదాకా తట్టుకోగలదు. దానిలో కలుపుగా పెరిగే వార్షిక బ్లూగ్రాస్ అంతకు చాలా ముందే చనిపోతుంది. మరో ప్రమాదం ఉంది. ఎండకు మంచు కరిగి, మొదలు నీళ్ళు తాగాక మళ్ళీ చలి విరుచుకుపడితే, లోపలి నీరు గడ్డకట్టి కణాలను చీల్చేస్తుంది. నడి చలికాలాన్ని గెలిచిన గడ్డి అలా వసంతం గుమ్మంలో పోతుంది.

బూడిద మచ్చలు స్నో మోల్డ్ అనే బూజు తెగులు. చాలాసార్లు ఆకే పోతుంది, మొదలు మిగులుతుంది. పళ్ళకర్రతో తేలికగా దువ్వి గాలి తగలనిస్తే కొత్త ఆకు వస్తుంది. నేల వేడి 10 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని వేర్లు చురుకుగా పెరగవు. అప్పటిదాకా యూరియా వంటివి దండిగా వేస్తే ఆకు పెరిగి వేరు బలహీనమవుతుంది. చచ్చినచోట విత్తనం వేసి, వెచ్చదనానికి గుడ్డ కప్పుతారు. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది. కెంటకీ బ్లూగ్రాస్‌కు రెండు మూడు వారాలు పడుతుంది.

దక్షిణాది రాష్ట్రాల మైదానాల్లో ఉండే బెర్ముడా గడ్డి మనకు కొత్తది కాదు. వినాయక చవితికి పూజలో పెట్టే గరికే అది. చలికి ఎండినట్టై, నేల వెచ్చబడగానే లేస్తుంది.

చివరిగా ఒక్క మనవి. ఉదయం నడకకు వెళ్ళినప్పుడు మైదానానికి అడ్డంగా తాడు కట్టి ఉంటే దాటకండి. మంచు పేరుకున్న ఆకుపై అడుగు వేస్తే అది నలిగి, ఆ అడుగుజాడ నల్లబడి చాలా రోజులు ఉండిపోతుంది. త్వరగా తెరవమని సభ్యులు ఒత్తిడి చేస్తూనే ఉంటారు. ఏప్రిల్‌లో కొద్దిరోజులు ఆగలేకపోతే వేసవి ఆటంతా పాడవుతుంది. చలి చంపకుండా వదిలిన గడ్డిని మన తొందర చంపకూడదు.