మంద్రస్వరమునకు తగిన పెట్టె

చెల్పూరు వంటి ఓరుగల్లు సీమ పల్లెలలో ఒగ్గుకథ వినినవారికి, డోలు నాదము చెవికన్న ముందు రొమ్మునకు తగులునని తెలియును. జమైకాలో 1960ల చివర పుట్టిన రెగే సంగీతమున ఆ పని బాస్ గిటారుది. నొక్కక మీటిన దాని లావు తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. స్తంభమునకు కట్టు మైకు బూర ఆ మంద్రమును పలుకజాలదు. అరచుట మాత్రము దానికి బాగుగా వచ్చును!

కనుక ధనమంతయు ఆంప్లిఫయరు వాట్లకే వెచ్చింపవలదని మా సలహా. శక్తి రెట్టింపైనను పెరుగునది 3 డెసిబెళ్ళే. మంద్రమునకు గాలిని విస్తారముగా కదపవలెను గనుక 15 అంగుళముల స్పీకరుగల పెద్ద పెట్టెను కొని, నేలపై గోడ దాపున నుంచవలెను. పెట్టె ఓములు ఆంప్లిఫయరుపై పేర్కొన్న కనీసమునకు తగ్గినచో ఆంప్లిఫయరే కాలిపోవచ్చును. కొనుటకు ముందు ఆరుబయట వినుడు. దుకాణపు గదిలో ప్రతి పెట్టెయు గంభీరముగనే పలుకును.